గడ్డలతో హైపర్ థైరాయిడ్: మాత్రలతోనే లాక్కొస్తే తప్పేంటి?

కడప_టు_కోరమంగళ:
అమ్మకి 61 ఏళ్లు. బరువు తగ్గిపోయి, చేతులు వణుకుతూ, గుండె దడ అంటుంటే బెంగళూరు తీసుకొచ్చి చూపించాం. టీఎస్‌హెచ్ (మెదడు కింది పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌ని నడిపించే హార్మోన్) దాదాపు సున్నా, అంటే థైరాయిడ్ హార్మోన్ మరీ ఎక్కువైందట. టెక్నీషియం స్కాన్‌లో థైరాయిడ్‌కి కుడివైపు రెండు గడ్డలు హాట్ (హార్మోన్ అతిగా తయారు చేసేవి), ఎడమవైపు ఒకటి కోల్డ్ (తయారు చెయ్యనిది) అని వచ్చింది. హార్మోన్‌ని తగ్గించే నియోమెర్కజోల్ మాత్రలు మొదలుపెట్టాక మనిషి తేరుకుంది. ఇప్పుడు డాక్టరు గారు రేడియో అయోడిన్ (థైరాయిడ్‌లోకి చేరి గడ్డల్ని రేడియేషన్‌తో దెబ్బతీసే మందు) తీసుకోమంటున్నారు, మా బావ ఆపరేషన్ చేయించెయ్యమంటాడు, అమ్మేమో "మాత్రలు పడుతున్నాయి కదా, ఇంక నన్ను వదిలెయ్యండ్రా" అంటోంది. నాకూ అమ్మ మాటే సబబనిపిస్తోంది.

జయనగర్_సుబ్బు:
తమ్ముడూ, గ్రేవ్స్ (ఒంట్లోని రోగనిరోధక శక్తే థైరాయిడ్‌ని రెచ్చగొట్టే జబ్బు) అయితే ఏడాది, ఏడాదిన్నర మాత్రలు వాడాక కొందరికి జబ్బే తగ్గిపోతుంది, ఆపెయ్యొచ్చు. గడ్డల వల్ల వచ్చింది అలా కాదు. ఆ గడ్డలు పిట్యూటరీ మాట వినడం మానేసి సొంతంగా హార్మోన్ తయారు చేస్తుంటాయి, మాత్ర దాన్ని అణచి ఉంచుతుందంతే, ఆపితే దాదాపు అందరికీ మళ్లీ మొదలు. డోసులు మర్చిపోయి హార్మోన్ పెరిగితే ఆ వయసులో గుండె లయ తప్పుతుంది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారే అది, ఎముకలు కూడా గుల్లబారతాయి. అయోడిన్ తీసుకుని వదిలించుకోండి.

వైట్‌ఫీల్డ్_వదిన:
సుబ్బు గారూ, ఆపితే కదా సమస్య, ఆపకుండా వాడితే? 2019లో ఇరాన్ డాక్టర్లు ఇలాంటి గడ్డల వాళ్లకే ఏళ్ల తరబడి తక్కువ డోసు మెథిమజోల్ (నియోమెర్కజోల్ లాంటి మాత్రే) ఇచ్చి, రేడియో అయోడిన్‌తో పోల్చి చూశారు, మాత్రలు బాగానే పనిచేశాయి. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2016 సూచనల్లో మొదటి వరస అయోడిన్, సర్జరీలదే, నిజమే. కానీ పెద్దవయసు వాళ్లకి, ఆ రెండూ కుదరని వాళ్లకి మాత్రల దారి కూడా తెరిచే ఉంచారు. ఒక్క జాగ్రత్త మాత్రం: మాత్రలు వాడుతుండగా జ్వరం, గొంతునొప్పి వస్తే జలుబే అనుకుని ఊరుకోకూడదు. మాత్ర ఆపి వెంటనే డాక్టరుకి చెప్పి సీబీసీ (రక్తకణాల లెక్క పరీక్ష) చేయించాలి, అరుదుగా తెల్లకణాలు పడిపోతాయి.

మైలాపూర్_మామయ్య:
చెన్నై నుంచి. మా ఆవిడకి ఆపరేషనే చేయించాం, గడ్డ శ్వాసనాళాన్ని నొక్కుతోంది కాబట్టి. అయోడిన్‌తో గడ్డ చిన్నదవుతుంది కానీ నెలలు పడుతుంది, అంతవరకు మింగుడు పడకుండా ఎవరు కూర్చుంటారు? ముందు మాత్రలతో హార్మోన్ అదుపులోకి తెచ్చాకే కత్తి పెట్టారు. గొంతు నరానికి దెబ్బ తగలొచ్చు, కాల్షియం పడిపోవచ్చు, అందుకే ఎక్కువగా థైరాయిడ్లే చేసే సర్జన్‌ని వెతుక్కోవాలి. ఇక్కడ మద్రాస్ మెడికల్ కాలేజీలో ఎండోక్రైన్ సర్జరీకి విడిగా డిపార్ట్‌మెంటే ఉంది. మొత్తం తీసేస్తే థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ మాత్ర) జీవితాంతం, అది పెద్ద బాధ కాదు.

కడప_టు_కోరమంగళ:
మింగడానికి ఇబ్బంది లేదండీ. అయోడిన్ అంటే భయం ఎందుకంటే, ఇంట్లో మా పాపకి ఏడాదిన్నర, వాళ్ల నాయనమ్మ చంక దిగదు, రేడియేషన్ పాపకి తగులుతుందేమోనని.

జయనగర్_సుబ్బు:
అయోడిన్-131 సగమవడానికి 8 రోజులు, ఒంట్లోంచి మూత్రంలో కూడా పోతుంది కాబట్టి ఇంకా తొందరగా తగ్గుతుంది. ఎన్నాళ్లు దూరం ఉంచాలో డోసుని బట్టి వాళ్లే రాసిస్తారు. పాపని అన్నాళ్లు అమ్మమ్మ గారింటికి పంపండి.

వైట్‌ఫీల్డ్_వదిన:
ఆగండాగండి, ఆ కోల్డ్ గడ్డ సంగతి ఎవరూ అడగరేం? హాట్ గడ్డల్లో క్యాన్సర్ చాలా అరుదు. కోల్డ్‌వి కూడా ఎక్కువ భాగం మామూలువే, కానీ అల్ట్రాసౌండ్‌లో సైజూ ఆకారమూ చూసి అనుమానం ఉంటే సూది పరీక్ష, ఎఫ్‌ఎన్‌ఏసీ చెయ్యాలి. అది తేడాగా వస్తే ఈ వాదనే ఉండదు, సర్జరీకే వెళ్లాలి. సూది పరీక్ష చేశారా తమ్ముడూ?

కడప_టు_కోరమంగళ:
ఫైల్ మొత్తం తిరగేశాను, అల్ట్రాసౌండ్‌లో 2.3 సెంటీమీటర్లని ఉంది, ఎఫ్‌ఎన్‌ఏసీ కాగితం లేదు. గురువారం అపాయింట్‌మెంట్, అడుగుతా వదినా. అమ్మకి సూది అని ఇప్పుడే చెప్పను, రాత్రంతా టెన్షన్ పడుతుంది.

మైలాపూర్_మామయ్య:
ముందురోజైనా చెప్పవయ్యా, మెడ ఆమెది.