జీతం పెరుగుతుందని ఉద్యోగం మారడం ధనాపేక్షేనా?

మారతహళ్లి సోదరి:
అందరికీ ప్రభువు పేరట వందనాలు. మా వారికి వేరే కంపెనీలో ఆఫర్ వచ్చింది. జీతం దాదాపు సగం పెరుగుతుంది. ఇప్పుడున్న చోట ఇబ్బందేమీ లేదు, ఇల్లు గడుస్తోంది. కొత్తచోట నెలలో రెండు ఆదివారాలు డ్యూటీ ఉంటుందట. ప్రార్థన కూడికలో చెబితే ఒక పెద్దాయన బైబిల్లో హెబ్రీ 13:5 తీసి, "కలిగినవాటితో తృప్తిపొందియుండుడి అని ఉంది కదమ్మా, ఇంకా ఎందుకు ఆశ?" అన్నారు. అప్పటినుంచి మనసు మనసులో లేదు. మీరేమంటారు?

యాత్రికుడు:
పెద్దాయన చెప్పిందే నిజం. ధనవంతులు కావాలని కోరుకునేవాళ్లు ఉరిలో పడతారని 1 తిమోతి 6:9లో ఉంది. బెంగళూరు వచ్చిన మనవాళ్లనే చూడండి. ముందు చిన్న అద్దె ఇల్లు, తర్వాత వైట్‌ఫీల్డ్‌లో ఫ్లాట్, ఇరవై ఏళ్ల ఈఎంఐ, అది కట్టడానికి ఇంకో కంపెనీ. కూడికకు రమ్మంటే టైమ్ లేదంటారు. ఉరి అంటే ఇదే.

కేఆర్ పురం సోదరుడు:
బ్రదర్, ఈఎంఐ గురించి మీ బాధ నాకూ ఉంది. కానీ పెద్దాయన తీసిన హెబ్రీ వాక్యాన్ని సగంలో ఆపేస్తున్నాం. తృప్తిగా ఎందుకు ఉండాలో అక్కడే వెంటనే ఉంది: "నిన్ను ఏమాత్రమును విడువను" అని దేవుడే అన్నాడు గనుక. అంటే అక్కడి ప్రశ్న జీతం ఎంత అని కాదు, నీ ధైర్యం దేని మీద ఉంది అని. తక్కువ జీతంలోనే ఉండిపోయి, లేఆఫ్ భయంతో రాత్రంతా బ్యాంకు బ్యాలెన్స్ చూసుకునేవాడు కూడా డబ్బునే నమ్ముకున్నట్టు. అపొస్తలుడైన పౌలు కొరింథులో డేరాలు కుట్టి సంపాదించాడు. ఆ చేతులే తన అవసరాలకూ తనతో ఉన్నవాళ్ల అవసరాలకూ పనికొచ్చాయని ఎఫెసు సంఘ పెద్దలతో చెప్పాడు (అపొస్తలుల కార్యములు 20:34). ఏ స్థితిలోనైనా తృప్తిగా ఉండడం నేర్చుకున్నానని ఫిలిప్పీయులకు రాసింది మాత్రం సంకెళ్లలో ఉన్నప్పుడు.

ఇంకో మాట, ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. మన సంఘాల్లో సెక్యూరిటీ గార్డులు, అపార్ట్‌మెంట్లలో ఇంటిపని చేసే అక్కలు ఉన్నారు. జీతం పెంచమని అడగాలనుకున్న అక్కకు తృప్తి గురించి వాక్యం చెప్పడం అన్యాయం. కూలి బిగబట్టిన యజమానుల మీద పనివాళ్ల కేకలు ప్రభువు చెవిన పడ్డాయని యాకోబు 5:4లో ఉంది. తృప్తి గురించి ముందు వినాల్సింది సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మనమే.

మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన ఇంగ్లండ్ బోధకుడు జాన్ వెస్లీ ఒక ప్రసంగంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి ఒకరి సంగతి చెప్పాడు. ఏడాదికి 30 పౌన్లు వచ్చినప్పుడు 28తో బతికి 2 ఇచ్చాడట. 60 వచ్చినప్పుడూ 28తోనే బతికి 32 ఇచ్చేశాడు. సోదరీ, పెరిగే జీతంలో ఎంత ఎవరికి వెళ్తుందో ఆఫర్‌కి సరే అనకముందే మీరిద్దరూ కాగితం మీద రాసుకోండి. అది రాయడానికి చెయ్యి రాకపోతే అప్పుడు ఆగి ఆలోచించండి.

యాత్రికుడు:
ఇంటిపని అక్కల విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ ఇక్కడ రెండు ఆదివారాలు పోతున్నాయి. దానికి లెక్క ఏ కాగితం మీద రాస్తారు?

హోసూరు రోడ్డు అక్క:
నేను నర్సుని. ఆదివారం డ్యూటీ నాకు కొత్త కాదు, శనివారం సాయంత్రం ఆరాధనకు వెళ్తాను. కానీ నా డ్యూటీ లేకపోతే రోగికి కష్టం. మీ వారి ఆదివారం ఎవరి కోసం?

మారతహళ్లి సోదరి:
అందరికీ వందనాలు. మా మామగారి డయాలసిస్ ఖర్చు అన్నదమ్ములు పంచుకుంటున్నారు. పెరిగేదాంట్లో అది మొత్తం మేమే పెట్టుకోవచ్చని ఈయన అంటున్నారు. ఆదివారాలు శనివారానికి మార్చడం కుదురుతుందా అని హెచ్ఆర్‌ని అడగమన్నాను. కుదరదంటే మాత్రం నాకు ఒప్పుకోవాలని లేదు.