ఈక్వేటర్ ప్రైజ్ సొమ్ముతో ఊరికి ఒరిగేదెంత?

జమాఖర్చు:
ప్రకృతిని కాపాడుకుంటూ పేదరికం తగ్గించుకున్న ఊరి బృందాలకు యూఎన్‌డీపీ (ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం) 2002 నుంచి ఇస్తున్న అవార్డిది. 2019లో జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంఘాలకు వచ్చింది. 10,000 డాలర్లు, అంటే అప్పట్లో 7 లక్షల చిల్లర. సంఘాల్లో సుమారు 5,000 మంది. తలకు 140 రూపాయలు! ఉపాధి హామీలో ఒక రోజు కూలి కూడా కాదు.

విత్తనగంప:
పంచిపెట్టడానికా ఇచ్చింది? ఆ ఏడాది 127 దేశాల నుంచి 847 నామినేషన్లొస్తే నెగ్గినవి 22. ఆ పలుకుబడికి విలువ కట్టరేం?

పుచ్చుకంది:
పలుకుబడితో గింజ మొలవదండీ. సంఘాల విత్తన బ్యాంకులో తీసుకున్న విత్తనానికి రెట్టింపు తిరిగివ్వాలి. కరువొచ్చిన ఏడు అది రాదు, నిల్వ పడిపోతుంది. బూడిద, వేపాకు కలిపి, పేడమట్టి అలికిన గంపలో పెడితే కొర్రలు, రాగులు ఏళ్ల తరబడి ఉంటాయి. కంది, అనుములతోనే తంటా. పురుగు చేలోనే కాయ మీద గుడ్లు పెట్టి, గింజతోపాటే గంపలోకి వస్తుంది. ఎండబెట్టడంలో ఏమరిస్తే అంతా పుచ్చే. అందుకే విత్తే ముందు 100 గింజలు తడి గోనెపట్టాలో చుట్టి, అయిదారు రోజులకు మొలకలు లెక్కపెట్టాలి. సగం కూడా రాకపోతే ఆ గింజ పప్పుకే. ఏ రకాన్నైనా కొన్నేళ్లకోసారి చేలో వేసి కొత్త గింజ తీసుకోవాల్సిందే. ఈ ఖర్చు ఆగదు, అవార్డేమో ఒక్కసారే.

గట్టుమీద:
పైగా విదేశీ సొమ్ము. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020 సవరణ తర్వాత ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి, మరో సంస్థకు మళ్లించకూడదు.

జమాఖర్చు:
అది వేరే దాతల సంగతి. ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం ఐక్యరాజ్యసమితిని విదేశీ మూలంగా లెక్కించదు, యూఎన్‌డీపీకీ ఆ మినహాయింపు ఉంది. అసలు పేచీ ఖాతా ఎవరిదన్న దగ్గర. సంఘానికి సొంత రిజిస్ట్రేషన్, సొంత ఖాతా లేకపోతే సొమ్ము స్వచ్ఛంద సంస్థ పుస్తకాల్లోకే పోతుంది. నామినేషన్ పంపకముందే తీర్మానం రాయించి, ఖాతా నంబరు వేసి, సంతకాలో వేలిముద్రలో తీసుకోవాలి. గెలిచాక ఎవరూ రాయనివ్వరు.

విత్తనగంప:
సరే, ఆ 7 లక్షలు డిపాజిట్ చేశారనుకుందాం. 6 శాతం చొప్పున ఏడాదికి 42,000 వడ్డీ. మీరు చెప్పిన విత్తన ఖర్చుకు అది చాలదా?

పుచ్చుకంది:
సంఘాలున్నది 75 ఊళ్లలో. ఊరికి 560. గోనెపట్టాలకు, గంపలు అలకడానికి సరిపోతుంది. కొత్త గింజ పండించే మడికి కౌలు మాత్రం అందులోంచి రాదు.