ఎగిరి వచ్చేదాన్ని ‘లక్ష్యం’ అనవచ్చునా?

లేజర్ల సాయంతో జరిగే కేంద్రక సంలీనం (తేలిక పరమాణు కేంద్రకాలు కలిసిపోయి శక్తినిచ్చే చర్య) మీద ఒక వ్యాసాన్ని తెనిగిస్తున్న మిత్రులొకరు లేజర్ కిరణాలు తాకి మండించే చిన్న ఇంధన గుళికకు ఇంగ్లీషులో ఉన్న ‘ఫ్యూయల్ టార్గెట్’ అన్న పేరును ‘ఇంధన లక్ష్యం’ అని రాసి, ఆ మాట సరిపోతుందా అని అడిగారు. సరిపోదనే నా అభిప్రాయం. లక్ష్యమంటే బాణం వెళ్లి తగలవలసినది. మత్స్యయంత్రంలో చేప గిరగిరా తిరిగినా దాన్ని ఎవరూ అర్జునుడి ముందుకు విసరలేదు.

కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో 2022 డిసెంబర్ 5న 192 లేజర్ కిరణాలు 2.05 మెగాజౌళ్ల శక్తిని అందించగా 3.15 మెగాజౌళ్లు వెలువడ్డాయి. అక్కడ ఇంధనాన్ని గది నడుమ ముందే అమర్చి ఉంచారు కాబట్టి ‘లక్ష్యం’ అన్నా ఇబ్బంది లేదు. ఈ పద్ధతిలో నడపాలనుకునే విద్యుత్కేంద్రంలో అలా కుదరదు. సెకనుకు పది చొప్పున మండించాలంటే రోజుకు 8,64,000 గుళికలను ఒకదాని వెంట ఒకటిగా లోపలికి పంపాలి, కిరణాలన్నీ కలిసే బిందువును ప్రతి గుళికా సరిగ్గా ఆ క్షణానికే చేరాలి. ఇక్కడ ‘లక్ష్యం’ అని రాస్తే ‘లక్ష్యాన్ని లక్ష్యం వద్దకు పంపుతారు’ అనవలసి వస్తుంది. తెలుగులో ఆ చిక్కు అక్కరలేదు: వెళ్లేది గుళిక, చేరవలసిన చోటు గురి.

గుళికలను లోపలికి పంపే పరికరానికి ‘విద్యుదయస్కాంత తుపాకి’ అన్న సూచన కూడా వచ్చింది. మందుగుండు లేని యంత్రానికి ఆ పేరు నాకు నచ్చలేదు. గుళిక అంటే ఆవగింజంత గుల్ల; అందులో ఇంధనమైన డ్యుటీరియం, ట్రిటియం (హైడ్రోజన్‌లోని బరువైన రకాలు) మైనస్ 250 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లగా గడ్డకట్టి ఉంటాయి. దాన్ని అయస్కాంతం నేరుగా నెట్టలేదు కనుక, ప్రతిపాదించిన పద్ధతుల్లో ఒకదాని ప్రకారం, గుళికను ఒక లోహపు తొడుగులో కూర్చోబెట్టి, గొట్టం పొడవునా ఉన్న తీగచుట్టలకు వరుసగా విద్యుత్తునిస్తూ ఆ తొడుగును ముందుకు తోస్తారు. పది మీటర్ల దారిలో సెకనుకు 100 మీటర్ల వేగం అందుకోవాలంటే, గుల్లలో గడ్డకట్టిన ఆ పలుచని ఇంధనపు పొర భూమ్యాకర్షణకు సుమారు 50 రెట్ల ఒత్తిడిని చెదరకుండా తట్టుకోవాలి. చివర తొడుగు వెనుక ఆగిపోతుంది, గుళిక ఒక్కటే ముందుకు సాగుతుంది.

జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టలను తోలేవారి చేతిలో వడిసెల చేసే పని ఇదే: రాయి దూసుకుపోతుంది, దాన్ని మోసిన పట్టీ చేతిలోనే ఉండిపోతుంది. అందుకే ‘విద్యుదయస్కాంత వడిసెల’ అనాలని నా సూచన. క్రియ విషయంలో ‘ప్రయోగించడం’ కన్నా ‘విసరడం’ మేలు, ఎందుకంటే ప్రయోగశాల గురించి రాసేటప్పుడు ‘గుళికను ప్రయోగించారు’ అంటే దానితో పరీక్ష జరిపారో, దాన్ని లోపలికి పంపారో పాఠకుడికి తెలియదు.