587 పోర్టుకు మారాక స్కానర్ నుంచి మెయిల్ వెళ్లడం లేదు

కోఠిలో మాది జిరాక్స్ షాపు. స్కాన్ చేసిన కాగితాలను యంత్రమే నేరుగా కస్టమర్లకు మెయిల్ చేసేది. ఈ నెల ఒకటో తేదీ నుంచి మా ఇంటర్నెట్ కంపెనీ వారు 25 పోర్టు (మెయిల్ బయటికి వెళ్లే దారి నంబరు) మూసేశారు. ఇకపై 587, స్టార్ట్‌టీఎల్‌ఎస్ (కనెక్షన్‌ను గుప్తం చేసే పద్ధతి), యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ తప్పనిసరి అట.

కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ మెయిల్ ప్రోగ్రాంకు ఇవే సెట్టింగులు ఇస్తే మెయిల్ చక్కగా వెళ్తోంది. అంటే పాస్‌వర్డ్‌లో లోపం లేదు. కస్టమర్ కేర్ వారు మాత్రం పాస్‌వర్డ్ మార్చి చూడమనే పాట వదలడం లేదు! యంత్రంలో పెడితే అర నిమిషం తిరిగి ‘సర్వర్ కనెక్షన్ ఎర్రర్’ అని ఆగిపోతుంది. 465 పోర్టు, ఎస్‌ఎస్‌ఎల్ (గుప్తం చేసే మరో పద్ధతి) పెట్టినా అంతే. యంత్రంలో తేదీ 2009 అని ఉంది. అందువల్ల సర్వర్ గుర్తింపు సర్టిఫికెట్ చెల్లడం లేదేమోనని దాన్నీ సరిచేశాను. ఫలితం లేదు. మెనూలో గుప్తం చేసే పద్ధతి పాత వెర్షన్ టీఎల్‌ఎస్ 1.0 ఒక్కటే కనిపిస్తోంది, సర్వరేమో 1.2 కంటే తక్కువను ఒప్పుకోదట. నా అనుమానమంతా అక్కడే. ఈ యంత్రానికి కొత్త ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) రాదు, కొత్త యంత్రం కొనే ఆలోచన ఇప్పట్లో లేదు.

షాపులో విండోస్ 10 కంప్యూటర్ రోజంతా నడుస్తూనే ఉంటుంది. యంత్రం పంపే మెయిల్‌ను షాపు నెట్‌వర్క్‌లోనే 25 పోర్టు మీద అందుకుని, 587 ద్వారా బయటికి పంపే ఉచిత రిలే ప్రోగ్రాం మీలో ఎవరైనా వాడుతున్నారా, ఏది?