డభ్రగపతిం... పన్నింపడా, మన్నింపడా?

అడయారు అక్కయ్య:
మూడు రోజులుగా ఒక్క అక్షరం నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. ఆదివారం మనవడితో కలిసి 1978 నాటి సూపర్‌మ్యాన్ చూశాను, క్రిస్టఫర్ రీవ్ వేసినది. చిన్నప్పుడు మౌంట్ రోడ్డులో నాన్నగారి పక్కన కూర్చుని చూసిన సినిమా అది. హెలికాప్టర్ మేడ అంచున వేలాడుతుంటే, లోయిస్ సీటు బెల్టు పట్టుకుని గాల్లో ఊగుతుంటే, నా నోట్లోంచి దానంతటదే పోతన గజేంద్రమోక్షంలోని "సిరికిం జెప్పడు" పద్యం వచ్చేసింది. మొదటి పాదం సాఫీగా నడిచింది. రెండో పాదంలో "డభ్రగపతిం" (గరుత్మంతుణ్ణి) దాకా వచ్చి ఆగిపోయాను. బన్నింపడా, మన్నింపడా? నాన్నగారు మన్నింపడు అనేవారని నా జ్ఞాపకం. "తర్వాతేంటి నానమ్మా" అని వాడు అడిగితే చెప్పలేకపోయాను. పుస్తకం తీసి చూడొచ్చు. కానీ ఏది అచ్చయిందన్నది కాదు, ఏది సరైనదో, ఎందుకో మీ నోటి వెంట వినాలని ఉంది.

పెరంబూరు పంతులు:
బన్నింపడు. సందేహమే లేదు. విడిగా అంటే పన్నింపడు; ముందు మాటతో కలిసి పకారం బకారమైంది.

టీ నగర్ తమ్ముడు:
పంతులు గారూ, మా స్కూల్లో మన్నింపడు అనే చెప్పారండీ. అర్థం కూడా బాగానే కుదురుతుంది కదా? గరుత్మంతుణ్ణి పట్టించుకోలేదు, లెక్కచెయ్యలేదు, లేచి వెళ్ళిపోయాడు. మీ మాటలో ఆ తొందర కనిపించదు.

పెరంబూరు పంతులు:
తమ్ముడూ, అర్థం తర్వాత. ముందు పాదం లెక్కపెట్టు. మత్తేభం. పద్నాలుగో అక్షరం దగ్గర యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో ధ్వనిలో కలవాలి. "పరివారంబును జీర డభ్రగపతిం" అంటే పదమూడు. పద్నాలుగోది "బ". పాదం మొదట్లో ఉన్నది "ప". ప ఫ బ భ ఒక జట్టు, యతి చెల్లింది. అక్కడ "మ" పెట్టావంటే పకారానికి మకారంతో యతి చెల్లదు. పోతన గారు అంత తేలిగ్గా యతి తప్పుతారా?

టీ నగర్ తమ్ముడు:
ముకారానికి పు ఫు బు భులతో చెల్లుతుందని చదివానండీ.

పెరంబూరు పంతులు:
ఉకారం ఉంటేనే. ఇక్కడ రెండు చోట్లా అకారం.

టీ నగర్ తమ్ముడు:
మరి "తిం"లో సున్న ఉంది కదా, బిందుయతి అనుకోవచ్చా?

పెరంబూరు పంతులు:
పవర్గాక్షరానికి ముందు సున్న ఉంటేనే దానికి మకారంతో మైత్రి. మన పాదం మొదట్లో ఉన్నది ఒట్టి పకారం, దాని ముందు ఏ సున్నా లేదు. ఆ దారీ మూసుకుపోయింది నాయనా.

కోడంబాక్కం:
నేను ముప్పై ఏళ్ళుగా డబ్బింగ్ మాటలు రాస్తున్నాను. పంతులు గారి లెక్క చూసి ఒళ్ళు పులకరించింది. మా పనిలో తెర మీద పెదవులు కలిస్తే మేమూ పెదవులు కలిసే అక్షరమే వేస్తాం: ప, బ, మ ఏదైనా ఒకటే, కంటికి తేడా తెలియదు. మా లెక్కలో పన్నింపడు, మన్నింపడు రెండూ ఒకే మాట. పోతన గారి చెవి మాత్రం ప, బ రెంటినీ ఒక గూట్లో పెట్టి, మకారాన్ని వేరే గూట్లో పెట్టింది. ముక్కులోంచి వచ్చే గాలి ఒక్కటే తేడా. ఐదువందల ఏళ్ళు దాటిన చెవి అది.

అడయారు అక్కయ్య:
యతి సంగతి నాకు తట్టనే లేదు. సరే, బన్నింపడు. మరి నాన్నగారి నోట మన్నింపడు ఎలా వచ్చింది? ఆయనకు ఛందస్సు బాగా తెలుసు.

మైలాపూరు:
అక్కయ్య గారూ, దానికి నా దగ్గర ఒక ఊహ ఉంది. "లావొక్కింతయు లేదు" గుర్తు చేసుకోండి. "నీవే తప్ప నితఃపరం బెఱుగ, మన్నింపందగున్ దీనునిన్". కొద్ది పద్యాల ముందే ఏనుగు నోట "మన్నింపందగున్" విన్నాం. అది చెవిలో మోగుతూనే ఉంటుంది. స్వామి బయలుదేరేటప్పుడు "...న్నింపడు" అని వినబడగానే నోరు దానంతటదే మకారం అందుకుంటుంది. నాన్నగారిది మరుపు కాదండీ. ఆ రెండు పద్యాలూ ఆయనలో ఒకే ఊపిరిగా ఉండి ఉంటాయి.

అడయారు అక్కయ్య:
ఈ మాట చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టాను. చాలా థాంక్స్.

టీ నగర్ తమ్ముడు:
అలాగైతే మన్నింపడు అన్న పాఠానికే బలం కదండీ! ఏనుగును మన్నించాడు, పక్షిరాజును మన్నించలేదు. ఎంత అందంగా ఉంది!

పెరంబూరు పంతులు:
అందం ఉంది. యతి లేదు.

మైలాపూరు:
మాట ఎటూ గరుడుడి మీదికి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. వ్యాసుడి మూలంలో గరుడుడు ఉన్నాడు. అష్టమ స్కంధం మూడో అధ్యాయం: "ఛందోమయేన గరుడేన సముహ్యమానః", చక్రం పట్టుకుని గరుడుడి మీదే వచ్చాడు. ఆ వాహనాన్ని, ఆ ఆయుధాన్ని బయలుదేరే వేళ పక్కన పెట్టించింది పోతన. తర్వాతి పద్యంలో "తన వెంటన్ సిరి" అంటూ అందరినీ వెనకాల పరుగెత్తించాడు. పక్షీంద్రుడు అవరోధవ్రాతం (అంతఃపుర స్త్రీల గుంపు) వెనక, అతని పక్కన శంఖచక్రాలు. మూలంలో మోసుకొచ్చినవాడు ఇక్కడ వెనకబడ్డాడు. కాబట్టి "పన్నింపడు" అన్న ఒక్క మాటలో పోతన మూలాన్నే మార్చేశాడు. ఆ సీను చూస్తే అక్కయ్య గారికి ఈ పద్యం గుర్తు రావడం నాకు వింతగా లేదు. వాహనం లేకుండా, ఒంటరిగా, ఉన్నపళంగా.

కోడంబాక్కం:
ఉన్నపళంగా అంటే ఒప్పుకోను. "ధమ్మిల్లము చక్క నొత్తడు" అన్నారు పోతన గారు, జుట్టు కూడా సర్దుకోలేదు. సూపర్‌మ్యాన్ బట్టలు మార్చుకునే వెళ్ళాడు! మామూలు మనిషి క్లార్క్‌గా తిరిగేటప్పుడు పాపిడి ఒకవైపు, సూపర్‌మ్యాన్‌కు ఇంకోవైపు, నుదుటి మీద వంకీ తిరిగిన ముంగురులు అదనం. ధమ్మిల్లం దిద్దుకోవడం కాక మరేమిటి అది?

అడయారు అక్కయ్య:
అన్నయ్యా, ఆ సీను మళ్ళీ చూడండి. కింద వీధిలో జనం తలలెత్తి చూస్తుంటారు. అతనూ పైకి చూస్తాడు. వెంటనే టెలిఫోన్ బూత్ కోసం వెతుకుతాడు. ఉన్నది తలుపుల్లేని చిన్న స్టాండు. అందులో మనిషి పట్టడు. ఒక్క క్షణం ఆగి, ఎదురుగా తిరిగే తలుపులోకి దూరి, గిర్రున తిరిగి బయటికి వచ్చేస్తాడు. అది సింగారం కాదు. ఎవరికీ తెలియకుండా వెళ్ళాలని పడిన తొందర. అతను పైకి లేచేటప్పుడు నాన్నగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఇప్పుడు నా మనవడూ అదే చోట నా చెయ్యి పట్టుకున్నాడు. వాడు పుట్టినప్పటి నుంచి కంప్యూటర్లో చేసిన ఎగురుళ్ళు ఎన్ని చూశాడో! అయినా ఇక్కడ పట్టుకున్నాడు.

కోడంబాక్కం:
అక్కడ పట్టుకునేలా చేసింది రీవ్ ఒళ్ళే అక్కయ్యా. వైర్లున్నాయి, క్రేన్లున్నాయి, వెనక తెర మీద బొమ్మ పడేలా ప్రొజెక్షన్ ఉంది. ఆ విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ వాళ్ళు ప్రత్యేక అవార్డు ఇచ్చారు కూడా. "మనిషి ఎగరగలడని నమ్ముతారు" అని పోస్టర్ మీద వేసుకున్నారు. కానీ యంత్రం ఎంత మంచిదైనా, వేలాడే మనిషి వేలాడుతున్నట్టే కనిపిస్తాడు. రీవ్ విమానం నడిపేవాడు, గ్లైడర్లు తోలేవాడు. మలుపు తిరిగేటప్పుడు ముందు భుజం వంగుతుంది, తర్వాత చూపు, తర్వాత నడుము. గాలిని తెలిసినవాడి ఒళ్ళు అది. పెద్ద పేర్లు మార్లన్ బ్రాండోవి, జీన్ హాక్‌మన్‌వి, టైటిల్స్‌లో అతని కంటే ముందు పడ్డాయి. ఇన్నేళ్ళ తర్వాత మనం మాట్లాడుకుంటున్నది ఎవరి గురించో చూడండి.

నా మనసులో ఇంకో సీను ఉంది. లోయిస్ ఇంట్లో క్లార్క్ ఒంటరిగా నిలబడి కళ్ళజోడు తీస్తాడు. వెన్ను నిటారుగా అవుతుంది, భుజాలు విప్పుకుంటాయి, గొంతు దిగుతుంది. చెప్పేద్దామనుకుంటాడు. చెప్పలేక మళ్ళీ కుంగిపోతాడు. ఎఫెక్టు లేదు, మేకప్పు మార్పు లేదు. గొంతుతో బతికే మా బోటివాళ్ళం ఆ కొద్ది సెకన్లు చూసి దండం పెట్టాలి.

టీ నగర్ తమ్ముడు:
నాకు మాత్రం "పన్ను" అన్న మాట మింగుడు పడటం లేదండీ. కుట్ర పన్నడం, వల పన్నడం, వ్యూహం పన్నడం, పన్నాగం. సినిమాలో పన్నేది లెక్స్ లూథర్. ఎడారి భూములన్నీ కొనిపెట్టుకుని, క్షిపణితో భూమి చీలేలా చేసి, కాలిఫోర్నియా తీరాన్ని సముద్రంలో ముంచి, తన ఎడారికి రేటు పెంచుకుందామని పన్నాడు. దేవుడి వాహనానికి ఆ క్రియ ఏమిటి?

పెరంబూరు పంతులు:
పన్ను అంటే సిద్ధం చేయడం. రథం పన్నడం, ఏనుగును పన్నడం యుద్ధ వర్ణనల్లో అలవాటైన మాటలు. చెడ్డ అర్థం తర్వాత అంటింది. నువ్వు టీ నగర్లో ఉంటూ నన్ను అడుగుతున్నావా? రోజూ రంగనాథన్ వీధిలో "ఎన్న పణ్ణఱీంగ" వింటూనే ఉంటావు. వాళ్ళ పణ్ణు, మన పన్ను తోబుట్టువులు. వాళ్ళకు మూర్ధన్య ణకారం నిలిచింది, మనకు నకారమైంది. పాత తమిళంలో గుర్రానికి, ఏనుగుకు సజ్జు కట్టడాన్ని కూడా ఆ మాటతోనే చెప్పేవారు.

టీ నగర్ తమ్ముడు:
పణ్ణు, పన్ను ఒకటే అన్నమాట! ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగాను, ఇన్నాళ్ళూ తట్టలేదు.

మైలాపూరు:
పంతులు గారూ, అది ఒప్పుకుంటాను. కానీ పక్షికి సజ్జు ఏమిటి? జీనా, కళ్ళేమా? గరుడసేవలో వాహనాన్ని అలంకరించడం చూసి పోతన ఆ మాట వాడాడని నా ఊహ. పూలు, గొడుగు, పట్టుబట్ట. అప్పుడు "పన్నింపడు" అంటే ఉత్సవం జరిపించుకోలేదు అని.

పెరంబూరు పంతులు:
ఊహ బాగుంది, ఆధారం కావాలి. "రమ్మని సిద్ధం చేయించలేదు" అంటే చాలు నాకు.

మైలాపూరు:
చాలదండీ. చాలితే "చీరడు" పక్కన ఇంకో మాట ఎందుకు? పరివారాన్ని పిలవలేదు, గరుడుణ్ణీ పిలవలేదు అంటే ఒకే పని రెండుసార్లు చెప్పినట్టు. ఇక్కడ పని వేరు, మాట వేరు.

కోడంబాక్కం:
మీరిద్దరూ తేల్చుకునే లోపు నాదొక సందేహం. "నేను పట్టుకున్నాను" అని సూపర్‌మ్యాన్ అంటే, లోయిస్ "నన్ను నువ్వు పట్టుకున్నావా? మరి నిన్నెవరు పట్టుకున్నారు?" అంటుంది. తెలుగులో "మీరు" పెట్టాలా, "నువ్వు" పెట్టాలా? ముక్కూ ముఖం తెలియని మగవాడు. మన ఆఫీసులో అయితే "మీరు" అంటుంది. పెదవులకు "మీరు" కుదురుతుంది కూడా. కానీ అంత ఎత్తు నుంచి పడుతున్నప్పుడు బహువచనం వస్తుందా?

అడయారు అక్కయ్య:
రాదు అన్నయ్యా. "నీవే తప్ప నితఃపరం బెఱుగ" అంది ఏనుగు. ప్రాణం మీదికి వస్తే నోటికి వచ్చేది నీవే. కిందికి దించాక "మీరెవరు" అనిపించండి.

కోడంబాక్కం:
నా కాగితం మీద అలాగే రాసుకున్నాను.

మైలాపూరు:
ఆ ప్రశ్నకు సూపర్‌మ్యాన్ దగ్గర జవాబు లేదు, గమనించారా? చిన్నగా నవ్వుతాడు, అంతే. "ఎవ్వనిచే జనించు" అని మొదలెట్టి "మూలకారణంబెవ్వడు" అని ఏనుగు అడిగింది కూడా అదే ప్రశ్న. అందరినీ పట్టుకున్నవాణ్ణి పట్టుకున్నదెవరు? నవ్వే సరైన జవాబనిపిస్తుంది నాకు.

టీ నగర్ తమ్ముడు:
శ్రీనాథుడు కూడా అలాంటి ప్రశ్నే అడిగాడంటారు కదా, ఆయుధం లేకుండా వెళ్ళి ఏం చేస్తాడని. పోతన బావిలో రాయి వేసి, "నీ బిడ్డ పడ్డాడు" అంటే తాడు కూడా లేకుండా పరుగెత్తాడని.

పెరంబూరు పంతులు:
ఆ బావా బావమరుదుల కథకు ఆధారం లేదు. అయినా నేను మానకుండా ప్రతి ఏడూ పిల్లలకు చెప్పాను. ఆ పద్యానికి అంతకంటే మంచి వ్యాఖ్య నాకు దొరకలేదు.

అక్కయ్య గారూ, మీ మనవడికి ఈ పద్యం నేర్పితే అక్కడితో ఆపకండి. "నిడుద యగు కేల" దాకా వెళ్ళండి. పొడుగాటి చేత్తో ఏనుగును మడుగులోంచి బయటికి లాగి, "మదజల రేఖల్ దుడుచుచు మెల్లన బుడుకుచు" దాని దుఃఖం పోగొట్టాడు. మొసలిని చంపడంతో పని అయిపోలేదు. మీ సినిమాలో కూడా చెట్టు మీద చిక్కుకున్న పిల్లిని దించి చిన్నపిల్ల చేతికి ఇస్తాడు కదా, నాకు అక్కడే కళ్ళు చెమర్చాయి.

అడయారు అక్కయ్య:
మాస్టారూ, మీరు కూడా చూశారన్నమాట! ఆ పిల్లి దగ్గర నా మనవడు "అయిపోయిందా?" అని అడిగాడు. ఇంకా ఉందిరా అన్నాను. ఒక్కటి చెప్పండి. ఆ "పుడుకుచు" అంటే నిమురుతూ అనా, తడుతూ అనా? నాన్నగారు ఆ మాట దగ్గర అరచెయ్యి నెమ్మదిగా ఆడించేవారు. అది నిమరడమో తట్టడమో ఎప్పుడూ అడగలేదు.

మైలాపూరు:
నిమురుతూ.

పెరంబూరు పంతులు:
అంత తేలిక కాదు. రేపు పొద్దున రాస్తాను.