స్నేహితుల ఉమ్మడి ప్రయాణాలకు యాప్: ఓటింగు కంటే ముందు ఏమి అడగాలి?

ప్రశ్న (నల్లగొండ నుంచి)

మిత్రులకు నమస్కారం. స్నేహితులు కలిసి ప్రయాణం నిర్ణయించుకోవడానికి ఒక యాప్ తయారు చేస్తున్నాను. ప్రస్తుత నమూనాలో ఒకరు బృందాన్ని మొదలుపెట్టి నాగార్జునసాగర్, సోమశిల, మల్లెల తీర్థం వంటి చోట్లను చేరుస్తారు. మిగిలినవారు తలా ఒక ఓటు వేస్తారు. ఎక్కువ ఓట్లు వచ్చిన చోటు ఖాయమవుతుంది. ఇక్కడి కొన్ని మిత్రబృందాలకు వాడి చూడమని ఇస్తే, ఓటింగు చక్కగానే సాగింది గాని, బయలుదేరే ముందురోజు ఒక్కొక్కరే ఏదో ఒక కారణం చెప్పి తప్పుకున్నారు. వాట్సాప్ గ్రూపుల్లో జరిగేదే ఇక్కడా జరుగుతుంటే యాప్ వల్ల ఒరిగేదేమిటి? ఓటింగు పద్ధతిని మార్చాలా, లేక అడగవలసిన ప్రశ్నే వేరే ఉందా?

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)

ఒక్కరికి ఒక్క ఓటు అన్న నియమాన్ని తీసివేసి, తనకు సమ్మతమైన చోట్లన్నిటినీ గుర్తించే వీలు ఇవ్వండి. ఐదుగురిలో ఇద్దరు సాగర్‌కు, ఇద్దరు సోమశిలకు, ఒకరు మల్లెల తీర్థానికి ఓటు వేస్తే ఏదీ తేలదు. అలంపురం అయితే ఐదుగురికీ అభ్యంతరం లేదన్న సంగతి ఆ లెక్కలో ఎక్కడా బయటపడదు.

జవాబు (అచ్చంపేట నుంచి)

తమ్ముడూ, నల్లమలకు బృందాలను తీసుకువెళ్లే పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను. ఇష్టమేమిటో అడగడానికి ముందు కుదరనిదేమిటో అడగాలి, అది కూడా ప్రతి ఒక్కరినీ విడిగా, మిగిలినవారికి కనిపించకుండా అడగాలి. మల్లెల తీర్థంలో వందల మెట్లు దిగి మళ్లీ ఎక్కవలసి ఉంటుందని తెలిసినా, మోకాళ్ల నొప్పి ఉన్నవారు నలుగురి ఉత్సాహం ముందు ఆ మాట ఎత్తరు. చేతిలో డబ్బు లేనివారు అసలే ఎత్తరు. వారంతా అప్పటికి సరేనని, చివరి రోజున ఇంట్లో పని పడిందంటారు. దాన్ని మాట తప్పడంగా చూడడం అన్యాయమని నా అభిప్రాయం, ఎందుకంటే చెప్పుకునే చోటు వారికి ఎవరూ కల్పించలేదు.

మనుషులకున్నట్టే చోట్లకూ కుదరని వేళలుంటాయి. నల్లమల అడవి లోపల ఉన్న సలేశ్వరం క్షేత్రం దారిని ఏడాదిలో చైత్ర పౌర్ణమి సమయంలో కొద్ది రోజులు మాత్రమే తెరుస్తారు. మన్ననూరు చెక్‌పోస్టు దాటి అమ్రాబాద్ అడవి మీదుగా శ్రీశైలం వెళ్లే రోడ్డులో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. నాగార్జునకొండ మ్యూజియానికి లాంచీలోనే వెళ్లాలి, శుక్రవారం అది మూసి ఉంటుంది. ఇవన్నీ యాప్‌కు ముందే తెలిసి ఉంటే, సాధ్యం కాని ప్రణాళిక ఓటింగు వరకు రానే రాదు.

ప్రశ్న అడిగినవారు

అన్నా, చాలా ఉపయోగపడే మాట చెప్పారు. అలాగైతే ఖర్చు పరిమితిని కూడా రహస్యంగా అడిగి, పేరు లేకుండా అన్నిటికంటే తక్కువ మొత్తాన్ని మాత్రం బృందానికి చూపితే సరిపోతుందా?

జవాబు (కోదాడ నుంచి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

సరిపోదు. నలుగురున్న బృందంలో ఆ తక్కువ మొత్తం ఎవరిదో క్షణంలో ఊహించగలరు. మొత్తాన్ని చూపకుండా, అందరి పరిమితులకూ లోబడిన ప్రణాళికలను మాత్రమే ముందుంచండి.

ప్రయాణంలో అయ్యే ఉమ్మడి ఖర్చులను కూడా యాప్‌లోనే రాసుకునేటట్టయితే మరో రెండు విషయాలు. అడవి దారిలో చాలా దూరం సిగ్నల్ ఉండదు కాబట్టి ఖర్చులను మొదట ఫోనులోనే రాసి, సిగ్నల్ అందాక కలపాలి. అప్పుడు చివరగా చేరిన రాత పాతదాన్ని చెరిపేసే పద్ధతి పెడితే, ఇద్దరు మార్చిన డీజిల్ పద్దులో ఒకరిది మాయమవుతుంది. ప్రతి మార్పునూ కొత్త పద్దుగానే చేర్చండి. రద్దు చేసినా, ఎవరు ఎప్పుడు రద్దు చేశారో అందరికీ కనిపించాలి. ఇక లెక్క తీర్చేటప్పుడు ప్రతి పద్దుకూ విడిగా డబ్బు పంపుకోనక్కర లేదు. ఎవరెంత ఎక్కువ పెట్టారో, ఎవరెంత తక్కువ పెట్టారో నికరంగా తేల్చితే, ఐదుగురి మధ్య ఎన్ని ఖర్చులున్నా నాలుగు చెల్లింపులకు మించి అవసరం రాదు. వాటిని యూపీఐ ద్వారా పంపే బటన్ పెట్టండి, కానీ నగదుగా ఇచ్చినట్టు రాసుకునే వీలు కూడా తప్పక ఉంచండి.

జవాబు (అచ్చంపేట నుంచి)

ఒక్కటి కలుపుతాను. బండికి అడ్వాన్స్ ఇచ్చే తేదీనే ఒప్పుకోలుకు గడువుగా పెట్టండి. ఆలోపు ఎవరైనా కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు. ఆ తరువాత తప్పుకుంటే అడ్వాన్సులో వారి వాటా తిరిగి రాదన్న షరతును మొదటి రోజే అందరి చేతా ఒప్పించండి.