మూడో తరగతి బాబుకి మ్యాప్ టెస్టులో 41 వచ్చింది, దీన్ని ఎలా చూడాలి?

చీపురుపల్లి నుంచి, ఇప్పుడు డాలస్ దగ్గర:

అందరికీ నమస్తే. మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి. ఆగస్టులో ఇక్కడికి వచ్చాం, బాబుని మూడో తరగతిలో చేర్చాం. అక్కడ వాడు క్లాసులో ఫస్టో సెకండో వచ్చేవాడు, పదహారో ఎక్కం దాకా నోటికి వచ్చు. నిన్న స్కూలు నుంచి ఒక కాగితం వచ్చింది, మ్యాప్ గ్రోత్ అట, లెక్కల్లో 185 అని, దాని పక్కన 41 అని, రీడింగ్‌కి అయితే 22 అని ఉంది. మా అమ్మకి ఫోన్లో చెబితే "ఏటమ్మా, బాబుకి నలభై ఒకటేనా" అని ఒకటే బాధ. మా ఆయన అప్పుడే ట్యూషన్లు వెతుకుతున్నారు. ఏప్రిల్లో స్టార్ అని ఇంకో పరీక్ష ఉందట, అది ఫెయిలైతే మూడులోనే ఉంచేస్తారా? ఇంకో మాట, అడ్మిషన్ అప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అన్న ఫారంలో తెలుగు అని రాశాం, అలా రాయకుండా ఉండాల్సింది అని పక్క అపార్ట్‌మెంట్ వాళ్లు అంటున్నారు. తప్పు చేశామా? నిన్నటి నుంచి టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

రాజాం అక్క:

చెల్లీ, ముందు అమ్మకి ఫోన్ చేసి ఒక్క మాట చెప్పు, 41 అంటే నూటికి 41 మార్కులు కాదు. అది పర్సంటైల్. దేశం మొత్తం మీద అదే తరగతి పిల్లల్ని వంద మందిని వచ్చిన స్కోరు ప్రకారం వరసగా నిలబెడితే మీవాడు సుమారు 41 మందిని దాటి నిలబడ్డాడని అర్థం. వరసకి నట్టనడుమ 50. అంటే దేశం మారిన నెలకే బాబు ఇంచుమించు మధ్యలో ఉన్నాడు. 35 వస్తే పాసు అన్న లెక్క మనకి చిన్నప్పుడే ఒంటికి పట్టేసింది కాబట్టి 41 చూడగానే గుండె జారిపోతుంది. మా పెద్దవాడికి మొదటిసారి 38 వస్తే నేను రాత్రంతా నిద్రపోలేదు, పొద్దున్నే వాడిని తిట్టాను కూడా, ఆ తిట్టినందుకు ఇప్పటికీ బాధపడతాను.

నువ్వు చూడాల్సింది ఆ 185. దాన్ని రిట్ స్కోర్ అంటారు. మన ఇళ్లల్లో గుమ్మం పక్కన పిల్లలు ఎంత పొడుగయ్యారో గీత గీసి తేదీ వేస్తాం కదా, ఇది అలాంటి కొలత. రెండో తరగతి పిల్లాడికి వచ్చినా ఐదో తరగతి పిల్లాడికి వచ్చినా 185 అంటే 185 ఎత్తే. చాలా స్కూళ్లలో ఏడాదికి మూడుసార్లు పెడతారు, ఫాల్‌లో అంటే బడి తెరిచిన కొత్తలో ఒకటి, వింటర్‌లో ఒకటి, స్ప్రింగ్‌లో అంటే బడి ఏడాది చివర్లో ఒకటి. 2020 నార్మ్స్ ప్రకారం, అంటే దేశంలో పిల్లల స్కోర్లు చూసి వేసిన సగటుల పట్టిక ప్రకారం, మూడో తరగతి లెక్కల సగటు ఫాల్‌లో 188 చిల్లర, స్ప్రింగ్‌కి 201. అంటే ఏడాదిలో పన్నెండు పదమూడు పాయింట్లు పెరగడం మామూలు. ఐదో తరగతికి వచ్చేసరికి అదే పెరుగుదల తొమ్మిదీ పదికి తగ్గిపోతుంది, పై తరగతులకి వెళ్లే కొద్దీ ఇంకా తగ్గుతుంది, అందుకని ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే చిన్నదానికి ఇంత పెరిగింది నీకు ఇంతేనా అని పెద్దవాడిని అనకూడదు. 2025లో కొత్త నార్మ్స్ వచ్చాయి, అందుచేత ఎవరైనా పాత రిపోర్టు పర్సంటైల్‌ని కొత్తదాని పక్కన పెట్టి చూస్తే తేడా కనిపిస్తుంది, అప్పుడు రిట్‌నే రిట్‌తో పోల్చుకోవాలి. రెండు మూడు పాయింట్లు తగ్గితే అది తగ్గుదల కిందికి రాదు, ఏ కొలతలోనైనా ఆ మాత్రం తేడా ఉంటుంది. వేసవి సెలవుల తర్వాత కొంచెం దిగితే కూడా కంగారుపడొద్దు, పోయిన ఫాల్‌కి ఈ ఫాల్‌కి ఎంత అన్నది చూడు.

ఆ పరీక్ష తీరు కూడా బాబుకి చెప్పాలి. కంప్యూటర్ మీద పెడతారు, జవాబు సరిగ్గా పెడితే తర్వాతి ప్రశ్న కష్టమవుతుంది, తప్పితే సులువవుతుంది, ఎంత బాగా చదివే పిల్లలకైనా దాదాపు సగం తప్పులే పోతాయి, పరీక్షని తయారుచేయడమే అలా చేశారు. వెనక్కి వెళ్లి దిద్దుకోవడం కుదరదు. మావాడికి అక్కడి అలవాటు ఏమిటంటే అందరికంటే ముందు పేపరిచ్చేసి బయటికి రావడం. టీచర్‌తో మీటింగ్‌కి వెళ్తే ఆవిడ రిపోర్టులో ఒక మూల వేలు పెట్టి చూపించారు, పరీక్షకి పట్టిన సమయం 17 నిమిషాలు అని ఉంది. నలభై చిల్లర ప్రశ్నలు. మిగతా పిల్లలకి ముప్పావు గంట పైనే పట్టిందట. నేను అప్పటిదాకా ఆ అంకె చూడనే లేదు. నీ కాగితంలో కూడా ఆ సమయం ఎంతుందో వెతుకు, లేకపోతే టీచర్‌ని అడుగు, ప్రశ్న చదవకుండానే నొక్కేస్తే అది కూడా వాళ్లకి తెలుస్తుంది.

ఇక 41 ఎందుకు వచ్చిందో నాకు కొంత ఊహకి అందుతుంది. ఎక్కాలు వచ్చిన పిల్లాడికి ఇక్కడ ఎక్కడ కాలు జారుతుందో చెప్తాను, ఒక పది నిమిషాలు డబ్బులు బల్ల మీద పోసి వాడిని కూర్చోబెట్టు. నికెల్ పెద్దగా ఉంటుంది, అయిదు సెంట్లు. డైమ్ దానికంటే చిన్నగా, పల్చగా ఉంటుంది, కానీ పది సెంట్లు. మావాడు పెద్ద బిళ్లకే పెద్ద విలువ అనుకుని కూడుతూ పోయాడు, కూడిక తప్పు లేదు, బిళ్ల తప్పు. తర్వాత అంగుళాలు, అడుగులు, గ్యాలన్లు. ఇంకోటి, లక్ష రాయమను. 1,00,000 అని రాస్తాడు, మనం నేర్పిందే అది. ఇక్కడ 100,000. కామా చోటు మారేసరికి స్థానాలన్నీ కలగాపులగం అయిపోతాయి, పిల్లాడికి లెక్క రాదని కాదు. తేదీలో కూడా నెల ముందు, రోజు తర్వాత. టెక్సాస్ లెక్కల సిలబస్‌లో చిన్న తరగతుల నుంచే డబ్బు సంపాదన, ఖర్చు, పొదుపు గురించి పాఠం ఉంటుంది, అది మనవాళ్లు ఎప్పుడూ చదవనిది. వీటికి ట్యూషన్ ఎందుకు, కిరాణా కొట్టుకి తీసుకెళ్లి బిల్లు వాడి చేత కట్టించు.

స్టార్ వేరే సంగతి. మ్యాప్ పెట్టాలో ఇంకేదైనా పెట్టాలో డిస్ట్రిక్ట్ ఇష్టం, స్టార్ మాత్రం రాష్ట్రం పెట్టేది. ఇక్కడ డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా కాదని కూడా గుర్తుపెట్టుకో, స్కూళ్ల కోసమే విడిగా ఉండే హద్దు అది, దానికి ఓట్లేసి ఎన్నుకున్న బోర్డు, దాని పన్ను దానిది, ఈ రాష్ట్రంలో అలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయి. (మా రాజాం 2022లో శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వెళ్లినా మా బడిలో పిల్లల పరీక్షలేమీ మారలేదు, ఇక్కడ వీధి అవతల ఇల్లు తీసుకుంటే డిస్ట్రిక్టే మారిపోయి పరీక్ష కూడా మారిపోవచ్చు. ఇల్లు మారేముందు చూసుకో.) మూడు నుంచి ఎనిమిది దాకా ప్రతి ఏడాదీ రీడింగ్, లెక్కలు, అయిదులోనూ ఎనిమిదిలోనూ సైన్స్ కూడా, ఎనిమిదిలో సోషల్. ఇందులో పర్సంటైల్ కంటే నాలుగు మెట్లు ముఖ్యం, డిడ్ నాట్ మీట్, అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్. అప్రోచెస్ వస్తే పాసైనట్టే, మీట్స్ వస్తే తరగతికి తగ్గట్టు ఉన్నట్టు. ఫెయిలైతే అదే తరగతిలో ఆపేయడం అన్నది 2021లో తీసేశారు, అది కూడా అంతకుముందు అయిదుకీ ఎనిమిదికీ మాత్రమే ఉండేది. ఇప్పుడైతే బడిలోనే 15 గంటలో 30 గంటలో అదనంగా చెప్తారు, అది మనకి మంచిదే.

2023 నుంచి స్టార్ రీడింగ్‌లోనే వ్యాసం రాయడం కూడా కలిపారు. ఇక్కడ మన పిల్లలకి నిజంగా కష్టం. మనవైపు ప్రశ్నకి జవాబు నోట్సులో ఉంటుంది, దాన్ని కంఠతా పట్టాలి. వీళ్లు ఎప్పుడూ చూడని కథ ఇచ్చి నువ్వేమనుకుంటున్నావు, ఆ మాట కథలో ఎక్కడుంది చూపించు అంటారు. రోజూ పడుకునేముందు ఏదో ఒక పేజీ చదివించి "ఎలా తెలిసింది నీకు" అని అడుగు చాలు, తెలుగులో అడిగినా పర్వాలేదు. ఫలితాలు వచ్చాక స్కూలు ఇచ్చే యాక్సెస్ కోడ్, బాబు పేరు, పుట్టిన తేదీ పెట్టి రాష్ట్రం వాళ్ల సైట్లో చూస్తే వచ్చిన ప్రశ్నా, మనవాడు పెట్టిన జవాబూ రెండూ కనిపిస్తాయి. చాలామంది మార్కు చూసి మూసేస్తారు, అలా చేయకు, ఆ ప్రశ్నలే అసలు విలువైనవి. ఒకటి మాత్రం గమనించు, 2025లో చట్టం చేశారు, 2027-28 నుంచి స్టార్ తీసేసి ఏడాదికి మూడు చిన్న పరీక్షలు పెడతారట, అప్పటికి మీవాడు ఇంకా ఎలిమెంటరీలోనే ఉండొచ్చు.

బొబ్బిలి:

అక్కా, మీరు చెప్పింది బాగానే ఉంది కానీ రీడింగ్ 22కి ఏమీ చేయకుండా కూర్చుంటే ఎలా? మా పాపని శనివారాలు వర్క్‌షీట్ సెంటర్లో వేశాం, ఆరు నెలల్లో తేడా కనిపించింది.

రాజాం అక్క:

ఏమీ చేయొద్దని నేను అనలేదు తమ్ముడూ. మొదటి రిపోర్టు చూసి భయంతో ట్యూషన్లో వేయొద్దంటున్నాను. జనవరిలో రెండో కొలత రానీ, అప్పటికి ఎంత కదిలాడో చూసి, ఏ భాగంలో ఆగిపోయాడో టీచర్‌ని అడిగి, అప్పుడు వేస్తే డబ్బుకీ పిల్లాడి శనివారానికీ విలువ ఉంటుంది. మీ పాపకి కూడా ఆ ఆరు నెలల్లో బడిలో ఎంత వచ్చిందో సెంటర్లో ఎంత వచ్చిందో విడదీసి చెప్పలేం కదా.

పలాస నుంచి, ఇక్కడ ఒక ఎలిమెంటరీ స్కూల్లో ఎయిడ్‌గా, అంటే క్లాసులో టీచర్‌కి సాయంగా పనిచేస్తున్నాను:

అమ్మా, ఫారం సంగతి నేను చెప్తాను. తెలుగు అని రాసి మీరు తప్పు చేయలేదు, నిజం రాశారు. అలా రాస్తే నాలుగు వారాల్లోపు బాబుకి ఇంగ్లిష్ ఎంత వచ్చో పరీక్ష పెడతారు, వస్తే అక్కడితో అయిపోతుంది, అంతగా రాకపోతే సాయం ఇస్తామని మీ సంతకం అడుగుతారు. అది శిక్ష కాదు, మందబుద్ధి తరగతి అంతకన్నా కాదు, మనవాళ్లలో ఈ అపోహ చాలా ఉంది, దయచేసి ఎవరూ పిల్లల ముందు అలా మాట్లాడకండి. నా కళ్ల ముందు ఒక పాప, మన తెలుగు పాపే, లెక్క తెలిసి కూడా ప్రశ్నలో "ఆల్టుగెదర్" అన్న మాట దగ్గర ఆగిపోయి పెన్సిల్ కొరుకుతూ కూర్చుంది. నేను పక్కకి వెళ్లి "మొత్తం కలిపి" అన్నాను, అర నిమిషంలో చేసేసింది. ఇంట్లో ఇంగ్లిషే అని రాసుంటే ఆ పాపకి లెక్కలు రావని బడి అనుకునేది.

సాయం తీసుకుంటే ప్రతి స్ప్రింగ్‌లో టెల్పాస్ అని ఒకటి పెడతారు, వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం నాలుగింటికీ. సాయం వద్దని సంతకం పెట్టినా ఆ పరీక్ష తప్పదు, కాబట్టి వద్దనడం వల్ల ఒరిగేది ఏమీ లేదు. స్టార్ లెక్కల్లో ప్రశ్న చదివి వినిపించడం లాంటి సౌకర్యాలకి కూడా ఈ పిల్లలు అర్హులు, టీచర్‌ని ముందే అడగాలి.

ఇంట్లో తెలుగు మానకండి. ఊళ్లో చుట్టాలుంటే మన ప్రభుత్వ బడుల ద్విభాషా పుస్తకాలు రెండు తెప్పించుకోండి, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్, మా అమ్మాయికి వాటితోనే ఇంగ్లిష్ ధైర్యం వచ్చింది.

చీపురుపల్లి నుంచి:

అక్కా, అన్నయ్యా, చాలా థ్యాంక్స్. అమ్మకి ఫోన్ చేసి చెప్పాను, "అయితే నడుమ ఉన్నాడన్నమాట" అని నవ్వింది, మూడు రోజుల తర్వాత. ఈరోజు బాబు చేత లక్ష రాయించాను, అక్క చెప్పినట్టే 1,00,000 రాశాడు. వచ్చే గురువారం టీచర్ మీటింగ్ ఉంది. ఏమేం అడగాలి? నాకు ఇంగ్లిష్ అర్థమవుతుంది కానీ వాళ్లు గబగబా మాట్లాడితే తలూపి వచ్చేస్తాను.

రాజాం అక్క:

తలూపి రాకు. దుబాసీ కావాలని ముందురోజే స్కూలు ఆఫీసుకి చెప్పు, అడగడానికి మొహమాటపడాల్సిన పనే లేదు. రిపోర్టు ప్రింటు తీసి పట్టుకెళ్లు. పరీక్షకి పట్టిన సమయం ఎంత, లెక్కల్లో ఏ భాగం తక్కువ, రీడింగ్‌లో కథల్లో తక్కువా మాటల అర్థాల్లో తక్కువా, వింటర్ పరీక్ష ఏ వారం, అప్పటికి ఎంత పెరుగుతాడని వాళ్లు అనుకుంటున్నారు, ఈ అయిదూ తెలుగులో చీటీ మీద రాసుకో, పక్కన జవాబుకి చోటు వదులు. ఏ రికార్డు కావాలన్నా చూసే హక్కు 1974 నాటి ఫెర్పా చట్టం మనకి ఇచ్చింది, అడిగిన 45 రోజుల్లోపు చూపించాలి, అంత దూరం మామూలుగా రాదులే.

ఒక లాంగ్ నోట్‌బుక్ కొను. నేను మావాడి కోసం పెట్టినదాంట్లో తేదీ, పరీక్ష పేరు, రిట్, పట్టిన నిమిషాలు, చివర ఆరోజు వాడు ఎలా ఉన్నాడు అని ఒక గడి. ఆ చివరి గడిలో ఒకచోట "జ్వరం, అయినా వెళ్తానన్నాడు" అని ఉంది, ఒకచోట "నిదానంగా చేశాను అన్నాడు, 52 నిమిషాలు" అని ఉంది. మొదటి వరసలో 185 రాసి, తేదీ వేసి ఉంచు. జనవరి రిపోర్టు రాగానే రెండో వరస రాసి ఇక్కడ పెట్టు, అందరం కలిసి చూద్దాం.